భోగి నాటికి హకుబా: ఒక మంచు ప్రయాణం లెక్కలు

"మంచు మీద జారడానికి ఇన్ని లక్షలు పొయ్యాలా అమ్మాయీ? వానాకాలం మన పెరట్లో నాచు మీద ఊరికే జారవచ్చు కదా" అన్నారు మా అత్తగారు. 2024 మే నెల, హైదరాబాదులో ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. నేను ఫ్యాను కింద కూర్చుని జపాన్‌లో జనవరి చలి ఎంత ఉంటుందో వెతుకుతున్నాను. ఆమె మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

కోరిక పుట్టింది మా అమ్మాయికి. దానికి 11 ఏళ్లు, తమ్ముడికి 8. బడిలో ఏదో ప్రాజెక్టు కోసం శీతాకాల ఒలింపిక్స్ గురించి చదువుతూ, 1998 నాగానో ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఆడింది ఒకే ఒక్కడని, అతను ల్యూజ్ అనే బల్ల మీద వెల్లకిలా పడుకుని జారే శివ కేశవన్ అని, అప్పటికి అతనికి 16 ఏళ్లేనని కనిపెట్టింది. "నాకన్నా 5 ఏళ్లే పెద్దమ్మా" అంది. అక్కడి నుంచి నాగానో ఎక్కడ, మంచు ఎంత, మనం వెళ్లగలమా అనే ప్రశ్నలు. మావారు ఒక్క మాటలో తేల్చేశారు: "నువ్వు ప్లాన్ చెయ్యి, నేను సెలవు పెడతాను." ఆయన సాయం చాలావరకు అక్కడితో పూర్తయింది.

గుల్మార్గ్ ఎందుకు కాదని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఖర్చు మూడో వంతు కూడా అయ్యేది కాదేమో. మాకు మాత్రం మా అమ్మాయి పట్టిన పేరు నాగానో, ఇక మారలేదు. జపాన్‌లో అందరికీ తెలిసిన నిసెకో ఉత్తరాన హొక్కైడో దీవిలో ఉంది, టోక్యో నుంచి మళ్లీ విమానం ఎక్కాలి. నాగానోకు రైలు చాలు. టోక్యోలో షింకాన్సెన్ అనే బుల్లెట్ రైలు ఎక్కితే గంటన్నరలో నాగానో, అక్కడి నుంచి గంటా పావు బస్సు, దిగితే హకుబా. ఆ షింకాన్సెన్ 1997 అక్టోబరులో నాగానో దాకా వచ్చింది, ఒలింపిక్స్‌కు నాలుగు నెలల ముందు.

హకుబా అంటే ఒక స్కీ మైదానం అనుకున్నాను. లోయ పొడవునా పది ఉన్నాయి. హప్పో ఓనె, గోర్యూ, 47 (అదీ పేరే), ఇవాతకె, త్సుగాఇకె, కోర్టినా... వారం రోజులు ఆ పేర్లు పలకడంతోనే సరిపోయింది. హప్పో ఓనెను ఇంగ్లీషు అక్షరాల్లో చూసి నేను చాలా రోజులు "హప్పో వన్" అనే చదివాను, రెండోది ఎక్కడుందో అని కూడా వెతికాను. ఓనె అంటే శిఖరం నుంచి దిగే గట్టు అట. ఊరి పేరుకు అర్థం తెల్లగుర్రం. ఆ పేరు వెనక కథ నాకు ఎంత నచ్చిందంటే అత్తగారికి కూడా చెప్పాను. అక్కడి పెద్ద శిఖరం షిరోఉమా, 2,932 మీటర్లు. వసంతంలో మంచు కరుగుతుంటే దాని ఒంటి మీద నల్లరాయి బయటపడి గుర్రం ఆకారంలో కనిపిస్తుందట. అది కనిపించిందంటే రైతులు పొలం దమ్ము చేయడానికి దిగాలి. దమ్ము చేసే గుర్రం అని దాని పేరు. వాళ్ల భాషలో రెండూ ఒకలాగే పలుకుతాయి కాబట్టి రాతలో అది తెల్లగుర్రంగా మారింది. "అంటే అక్కడా వరి పండుతుందా?" అన్నారు అత్తగారు. ఆ రోజు నుంచి ఆమె వ్యతిరేకత కొంత తగ్గింది.

అంత మంచు ఎందుకు పడుతుందంటే, సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీద తేమ పీల్చుకుని, ఎదురైన ఈ పర్వతాల మీద దులిపేస్తుంది. మన పడమటి కనుమల దగ్గర నైరుతి ఋతుపవనాలు చేసే పనే, వాన బదులు మంచు. జనవరి, ఫిబ్రవరి నడి కాలం.

తేదీల దగ్గర అసలు తలనొప్పి మొదలైంది. పిల్లల బడి సంక్రాంతికి తప్ప వారం సెలవు ఇవ్వదు. జపాన్ వాళ్లకు డిసెంబరు చివర నుంచి జనవరి 3 వరకు కొత్త సంవత్సరం సెలవులు. ఆ తర్వాత జనవరి రెండో సోమవారం, యుక్తవయసుకు వచ్చినవారి పండగ, అదీ సెలవే. శని, ఆది, సోమ కలిసి వచ్చాయంటే టోక్యో సగం కొండెక్కుతుంది. ఆసారి నెలాఖరున చైనా కొత్త సంవత్సరం. వీటన్నిటి మీద జనవరి అంతా ఆస్ట్రేలియా బడులకు వేసవి సెలవులు, వాళ్లకు హకుబా మనకు ఊటీ లాంటిది. 2025లో ఆ రెండో సోమవారం జనవరి 13న పడింది, అంటే మన భోగి. నేను క్యాలెండరు ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించి, 11 రాత్రి హైదరాబాదులో బయలుదేరి, 12 సాయంత్రం టోక్యో చేరి, 13 మధ్యాహ్నం హకుబాలో దిగాలని నిర్ణయించాను. జనం దిగిపోయే రోజే మేం ఎక్కుతాం. గది అద్దె కూడా ఆ రోజు నుంచే తగ్గుతోంది. ఈ మొత్తం ప్రయాణంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే అని ఇప్పటికీ అనుకుంటాను.

తెలివితక్కువ పని వెంటనే చేశాను. ఎకోలాండ్ అనే పేటలో చవగ్గా ఒక గది కనిపించింది. చుట్టూ హోటళ్లు, అంగళ్లు, ఫోటోల్లో దీపాలు. వెంటనే తీసుకున్నాను. రెండు రోజుల తర్వాత మ్యాపు పెద్దది చేసి చూస్తే అక్కడి నుంచి లిఫ్టు దాకా నడక ఇరవై నిమిషాలకు పైనే, లేదంటే బస్సు కోసం నిలబడాలి. స్కీ బూట్లు వేసుకున్నవాడు నడవడు, ఇనప పెట్టెలో కాలు పెట్టి ఈడ్చుకుంటాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడిని, వాడి స్కీలను, మన స్కీలను మోసుకుంటూ జారే రోడ్డు మీద ఇరవై నిమిషాలు! రద్దు చేస్తే 10 వేల యెన్‌లు పట్టుకుని మిగతాది ఇచ్చారు. 100 యెన్‌లు అప్పట్లో సుమారు 55 రూపాయలు, లెక్క మీరే వేసుకోండి. అడవిలో ఉన్న వదానో పేట లిఫ్టులకు ఆనుకునే ఉంది, ధర కూడా ఆకాశానికి ఆనుకుని ఉంది. చివరికి హప్పో ఊళ్లో, బస్సు స్టాండుకు ఐదు నిమిషాల దూరంలో, వంటిల్లు ఉన్న ఒక చిన్న పెన్షన్‌లో గది దొరికింది. అక్కడ ఇంటివాళ్లే నడిపే చిన్న బసలను పెన్షన్ అనే అంటారు. ఈ సంగతి తెలియని మా నాన్నగారు ఫోనులో, "ఐదు రోజులూ పెన్షన్‌లో ఉంటాం నాన్నా" అని నేను అనగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నా పెన్షన్ అంత రాదమ్మా" అన్నారు.

ఒక ట్రావెల్ ఏజెంటును కూడా అడిగి చూశాను. అతని ప్యాకేజీలో గది లిఫ్టు నుంచి ఎంత దూరమో అతనికే తెలియదు, పైగా మొత్తం మీద అప్పట్లో 5 శాతం టీసీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను. అది తర్వాత రిటర్నులో తిరిగి వస్తుందనుకోండి, కానీ ముందు మన జేబులోంచి పోవాలి. విడివిడిగా మనమే కొనుక్కుంటే ఆ బెడద లేదు. రైలుకు కూడా అందరూ చెప్పే పాసు జోలికి వెళ్లలేదు. దేశమంతా తిరిగే 7 రోజుల జేఆర్ పాసు ధర 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి 50,000కు ఎక్కింది. టోక్యో నుంచి నాగానోకు పోను రాను అప్పట్లో పెద్దవాళ్లకు 16 వేల చిల్లర, పిల్లలకు అందులో సగం. పాసు ఎవరికి గిట్టుతుందో గానీ మాకు కాదు.

ఇక వీసా. ఇక్కడ ముడి ఏమిటంటే, జపాన్ ఒకసారి వెళ్లివచ్చే పర్యాటక వీసా ఇచ్చిన నాటి నుంచి 3 నెలల్లోపు ఆ దేశంలో అడుగు పెట్టాలి. మేం దిగేది జనవరి 12. అంటే అక్టోబరు 12కు ముందు వీసా వస్తే అది చెల్లదు. ఆ ఏడు అక్టోబరు 12 సరిగ్గా విజయదశమి. మరోవైపు పెన్షన్ వాళ్ల షరతు: 60 రోజుల ముందే, అంటే నవంబరు 14కల్లా మొత్తం డబ్బు కట్టాలి, కట్టాక ఏ కారణం చేతనైనా ఒక్క యెన్ వెనక్కి ఇవ్వరు. కాబట్టి వీసా విజయదశమికి ముందు రాకూడదు, బాలల దినోత్సవం దాటాక రాకూడదు. మధ్యలో దీపావళి సెలవులు. ముందు కాగితాలన్నీ జూలై నుంచే సిద్ధం చేసి పెట్టుకుని, ఆతృతను అణచుకుంటూ కూర్చోవడం నా స్వభావానికి బొత్తిగా సరిపడని పని. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, ఆఫీసు సెలవు లేఖలు, ఏ రోజు ఎక్కడ ఉంటామో రాసిన పట్టిక. ఆ పట్టికలో ఐదు రోజుల పాటు వరసగా "హకుబా, స్కీయింగ్" అనే రాయాల్సి వస్తే, మరీ అనుమానం వస్తుందేమోనని మావారు ఒక రోజు దేవాలయం అని పెట్టమన్నారు. నాగానోలో జెంకోజి ఉంది, అక్కడి మూలవిగ్రహం మన దేశం నుంచే కొరియా మీదుగా వెళ్లిందని వాళ్ల ఐతిహ్యం. సరే అని పెట్టాను. అక్టోబరు మూడో వారంలో ఇచ్చాం, దీపావళికి ముందే వచ్చింది.

వచ్చింది అంటే పాసుపోర్టులో కాగితం అతికించి ఇవ్వలేదు. 2024 ఏప్రిల్ నుంచి మన పర్యాటకులకు ఈ-వీసాయే. విమానాశ్రయంలో ఫోనులో ఇంటర్నెట్టు పెట్టి అప్పటికప్పుడు ఆ పేజీ తెరిచి చూపాలి, ఫోటో తీసిపెట్టుకున్నది, ప్రింటు తీసింది పనికిరావు. నేను ప్రింట్లు నాలుగు జతలు తీసి పెట్టుకున్నాను. బయలుదేరిన రాత్రి కౌంటరు దగ్గర అవి ఎంత చూపినా ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఫోనులో ఆ పేజీ తెరుచుకునేలోపు నా వెనక వరసలో వాళ్ల నిట్టూర్పులు స్పష్టంగా వినిపించాయి.

బీమా గురించి కొంచెం కటువుగానే రాస్తాను. నేను మొదట చూసిన ప్రయాణ బీమాలో "సాహస క్రీడలు వర్తించవు" అని చిన్న అక్షరాల్లో ఉంది. ఫోను చేసి స్కీయింగ్ సాహస క్రీడేనా అని అడిగాను. "ఏం పర్లేదు మేడమ్, అన్నీ కవర్ అవుతాయి" అన్నారు అవతల. అదే మాట మెయిలులో రాసివ్వమన్నాను. మూడు రోజుల తర్వాత వచ్చిన జవాబులో స్కీయింగ్‌లో తగిలే దెబ్బలకు మేం బాధ్యులం కాము అని ఉంది. మాట తీపి, రాత చేదు. వేరే కంపెనీలో శీతాకాల క్రీడలకు విడిగా సొమ్ము కట్టి తీసుకున్నాను, అందులో కూడా గుర్తులు పెట్టిన హద్దు దాటి జారితే డబ్బు రాదు. హద్దు దాటి తప్పిపోయినవాళ్లను వెతికి తెచ్చిన ఖర్చు వాళ్ల దగ్గరే వసూలు చేస్తారు. మాకు హద్దు లోపల నిలబడటమే రాదు కాబట్టి ఆ భయం లేదు.

పిల్లల తరగతులు ఆగస్టులోనే సగం నిండిపోయాయి. ఇంగ్లీషులో నేర్పే బృందంలో మూడు రోజులకు ఇద్దరికీ దొరికాయి. మాకిద్దరికీ రెండు రోజులే తీసుకున్నాం, పొదుపు. అది తప్పు పొదుపు, మూడో రోజు నేనే ఎక్కువ పడ్డాను.

నవంబరులో అద్దె సామాన్ల ఫారం వచ్చింది. ఎత్తు, బరువు, వయసు, అనుభవం, పాదం పొడవు సెంటీమీటర్లలో. మన బూటు నంబరు అక్కడ పనికిరాదు. ఆదివారం సాయంత్రం హాల్లో నేల మీద పాత దినపత్రిక పరిచి, ఒక్కొక్కరిని మడమ గోడకు ఆనించి నిలబెట్టి, బొటనవేలి దగ్గర పెన్సిలు నిటారుగా పట్టుకుని గీత గీశాను. అమ్మాయి 22.5, వాడు 20, నేను 24. వాడు గిలిగింతలంటూ ప్రతిసారి వేళ్లు ముడిచేవాడు, మూడుసార్లు గీశాక కుదిరింది. అత్తగారు కూడా వచ్చి గోడకు మడమ ఆనించారు. "నాది కూడా చూడు, ఊరికే" అన్నారు. 22.

బరువు గడిలో నేను 58 అని రాశాను. మావారు తనది 78 అన్నారు. ఇద్దరం ఒకరి అంకెను ఒకరం ప్రశ్నించలేదు, దాంపత్యంలో కొన్ని మర్యాదలుంటాయి. పంపాక రాత్రి నిద్ర పట్టక, ఆ బరువు ఎందుకు అడిగారో చదివాను. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు ఎంత బలానికి ఊడాలో ఆ బరువును బట్టే అమరుస్తారు. తక్కువ బిగిస్తే దారిలో ఊరికే ఊడిపోతుంది, ఎక్కువ బిగిస్తే పడ్డప్పుడు ఊడక మోకాలు మెలితిరుగుతుంది. పొద్దున్నే లేచి ఇద్దరివీ సరిచేసి మళ్లీ మెయిలు పంపాను. 64, 86. ఆయనకు చెప్పలేదు.

బట్టల్లో కోటు, ప్యాంటు, హెల్మెట్ అద్దెకు దొరికాయి. చేతి తొడుగులు, కళ్లద్దాలు, ఉన్ని టోపీ, మేజోళ్లు సొంతం. లోపల నూలు బట్ట వద్దు, చెమటకు తడిస్తే అది ఆరదు, ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది.

తిండి సంగతి శాకాహారులకు చెప్పి తీరాలి. జపాన్‌లో కూరగాయలు మాత్రమే కనిపించే పులుసులోనూ తరచు దషి అనే చేప రసం ఉంటుంది. నాగానో సోబా సేమియా ప్రసిద్ధి, ముంచుకునే రసంలో మళ్లీ అదే. నేను వంటిల్లు ఉన్న గది పట్టుబట్టి తీసుకున్నది అందుకే. కందిపొడి, చింతకాయ పచ్చడి, చారు పొడి, ఒక చిన్న కుక్కరు మోసుకెళ్లాను. వాళ్ల బియ్యం ముద్దగా ఉడుకుతాయి, పొడి అన్నానికి పనికిరావు, పెరుగన్నానికి మాత్రం అమృతం. నాగానో వాళ్ల ఓయాకి అని ఒకటుంది, గుమ్మడికాయ కూరో ఆకుకూరో పెట్టి కాల్చిన పిండి ఉండ. లోపల ఏముందో, దషి ఉందో లేదో అడిగి కొనుక్కోవాలి. ఉమెబోషి పెట్టిన అన్నం ముద్దను మా అమ్మాయి కొరికి, "అమ్మా, ఉసిరికాయ ఊరగాయ!" అంది. అది ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పండు, నిజంగానే ఆ బాపతే.

హనేదా విమానాశ్రయంలో దిగగానే పెద్ద పెట్టెలు రెండూ అక్కడి కౌంటరులో ఇచ్చేసి హకుబాకు పంపించాం. తక్యూబిన్ అంటారు, ఇంటికి చేర్చే సామాను సేవ. మర్నాడు సాయంత్రానికి మేం ఉన్న పెన్షన్ గుమ్మంలో ఉన్నాయి. చేతిసంచిలో ఒక రోజుకు సరిపడా ఉన్ని బట్టలు, కందిపొడి డబ్బా పెట్టుకోమని నేను చెబితే నవ్వినవాళ్లే ఆ రాత్రి డబ్బా ఖాళీ చేశారు.

భోగి మధ్యాహ్నం నాగానో స్టేషను తూర్పు వాకిట్లో బస్సు ఎక్కాం. ఎదురుగా వచ్చే బస్సులన్నీ నిండుగా, మాది సగం ఖాళీగా. కొండ మలుపు తిరిగాక జపాన్ వాళ్ల ఉత్తర ఆల్ప్స్ పర్వతాలు ఒక్కసారిగా అడ్డం వచ్చాయి. అత్తగారు వీడియో కాల్‌లో వీధిలో భోగి మంట చూపించారు. ఫోనులో మంట, కిటికీలో మంచు. "ముందు ఆ పిల్లాడికి టోపీ పెట్టు" అన్నారు.

మొదటి రోజు నాకియామా అనే పిల్లల వాలు మీద నేర్పారు. అది ఏ ఒలింపిక్స్ కొండ పాదమో మాకు బాగా తెలుసు. హెర్మన్ మయర్ అనే ఆస్ట్రియా వీరుడు 1998లో ఇదే హప్పో ఓనె మీద గాల్లో ఎగిరి కంచెలు తెంచుకుని పడి, మూడు రోజుల తర్వాత సూపర్-జీ అనే పందెంలో స్వర్ణం గెలిచాడు. నేను నిలబడి ఉన్నచోటే పడ్డాను, నా బిగింపు ఊడింది, మోకాలు బాగానే ఉంది. 64 అని సరిచేయకపోతే ఇంకెన్నిసార్లు ఊరికే ఊడేదో అనుకున్నాను. మా వాడు స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి ఆగడం అరగంటలో పట్టేశాడు. మధ్యాహ్నానికి నన్ను దాటుకుంటూ "అమ్మా, ముక్కోణం, ముక్కోణం!" అని అరుస్తూ పోయాడు.

నాలుగో రోజు గాలికి పై లిఫ్టులు ఆపేశారు. దీనికి మాత్రం నా పట్టికలో గడి లేదు. ఆ రోజు ఊరి వేడినీటి స్నానశాలకు వెళ్లాం. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరు వేరు, కానీ లోపల ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ముందు కూర్చుని శుభ్రంగా రుద్దుకుని కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. సిగ్గు రెండు నిమిషాలు, ఎవరూ మనవైపు చూడరు. హప్పో నీళ్లకు క్షారం ఎక్కువ, పీహెచ్ 11 దాటుతుంది. చర్మం మీద కుంకుడురసం రాసుకున్నట్టు జారుడుగా ఉంటాయి. అమ్మాయి నీళ్లలోంచి మెడ వరకు తల బయట పెట్టి, "వీసా పట్టికలో రాసిన గుడికి ఎప్పుడు వెళ్తాం?" అని అడిగింది. తిరుగుప్రయాణంలో నాగానోలో మూడు గంటలు దొరికితే వెళ్లాం, రాసిన మాట నిలబెట్టుకున్నట్టయింది.

నలుగురికి అన్నీ కలిపి 7 లక్షలు దాటింది. విమానాలకే అందులో మూడో వంతు పైగా పోయింది. గది తర్వాత పెద్ద ఖర్చు తరగతులది. పండగ రోజుల్లో టికెట్లు కొనడం వల్ల పడిన బరువు ఎంతో విడదీసి చూడలేదు, చూడదలుచుకోలేదు.

ఈ ఆగస్టులో మా ఆఫీసులో ఒకావిడ నా పట్టిక అడిగి తీసుకుంది. వాళ్లూ సంక్రాంతికే వెళ్లాలనుకుంటున్నారు. "ఇప్పుడు మొదలుపెడితే అందుతుందా అండీ?" అంది. పిల్లల తరగతులు ఈ రాత్రే చూడమని, గది మ్యాపులో చూశాకే కొనమని, వీసాకు మాత్రం అక్టోబరు నడిమి దాకా తొందరపడవద్దని చెప్పాను. రాత్రి పదిన్నరకు ఫోను చేసింది. తరగతులు దొరికాయట. అద్దె ఫారం కూడా పనిలో పనిగా నింపేస్తున్నారట. గొంతు తగ్గించి అడిగింది: "బరువు నిజమే రాయాలా అండీ?"